రూట్ 66 మీద నాన్నకు ఏం చూపించాలి?

చక్రాలకాళ్లు:
మా నాన్న 30 ఏళ్లు ఆర్టీసీలో డ్రైవరు. మొన్న డాలస్ నుంచి టుల్సా తీసుకొస్తుంటే దారంతా నిద్రే. లేచి "రోడ్డు నున్నగా ఉందిరా, చూడ్డానికే ఏమీ లేదు" అన్నారు. ఇండియా తిరిగి వెళ్లేలోపు అమెరికాలో ఒకప్పటి పేరున్న హైవే, పాత రూట్ 66 చూపిద్దామని ఉంది. టుల్సా నుంచి ఆరిజోనా దాకా, చేతిలో 5 రోజులు. ఫోన్‌లో మ్యాప్ పెడితే మాత్రం ఎటు తిప్పినా ఇప్పటి పెద్ద హైవే ఐ-40 మీదికే తోస్తోంది. 1985లోనే ఈ రోడ్డును హైవేల జాబితాలోంచి తీసేశారట కదా, అసలు మిగిలుందా? వీడియోల్లో చూపించే తిమింగలం, పాతిపెట్టిన కార్లు అంత దూరం పోయి చూడదగ్గవేనా? మ్యూజియం అంటే ఆయన కారే దిగరు.

పాతరోడ్డు పిచ్చి:
ముక్కలు ముక్కలుగా ఉందండి. ఒకచోట ఐ-40 పక్కన సర్వీసు రోడ్డు, ఇంకోచోట ఊరి మెయిన్ రోడ్డు, కొన్నిచోట్ల ఐ-40 కిందే కలిసిపోయింది. మ్యాప్‌లో చివరి ఊరు ఒక్కటే కొడితే అంతే సంగతులు. మధ్యలోని చిన్న ఊళ్లు ఒక్కొక్కటే కొట్టుకుంటూ పోండి.

తిమింగలం మీకు వెనక్కి, టుల్సాకు తూర్పున కటూసాలో ఉంది. హ్యూ డేవిస్ అనే ఆయన 1970ల మొదట్లో భార్యకు పెళ్లిరోజు కానుకగా చెరువులో కట్టాడు. ఆవిడకు తిమింగలం బొమ్మల సరదా. అరగంట చాలు.

మీ నాన్నగారికి నచ్చేది టెక్సస్‌లో, గ్రూమ్ దగ్గర ఒరిగిన వాటర్ ట్యాంకు. ఒక పక్క కాళ్లు నేలకు ఆనవు. పునాది కుంగి కాదు, కావాలనే అలా నిలబెట్టారు. పడిపోతోందేమోనని లారీవాళ్లు కంగారుగా బండి ఆపితే, అప్పట్లో అక్కడే ట్యాంకు ఓనరుగారి ట్రక్ స్టాపు (లారీలు ఆగే చోటు) ఉండేది! డ్రైవర్ల సంగతి బాగా తెలిసినవాడు వేసిన ఎత్తు.

ఆమరిల్లో దాటాక కాడిలాక్ రాంచ్. 1974లో 10 కార్లను ముక్కు నేలలోకి దిగేలా పాతారు. ఊరు పెరిగి మీదికొస్తోందని 1997లో అన్నిటినీ పెకలించి, ఇంకాస్త పడమరకు తీసుకెళ్లి మళ్లీ పాతారు. ఎవరైనా రంగు స్ప్రే చేయొచ్చు, పొర మీద పొర పేరుకుపోయింది. వాన వెలిసిన మర్నాడు వెళ్లి నేను ఒక చెప్పు ఆ బురదకు సమర్పించుకున్నా. బూట్లు వేసుకోండి.

ఘాట్‌రోడ్డు:
ఆయన డ్రైవరు అంటున్నారు కాబట్టి మిగతావి తగ్గించైనా సరే, ఆరిజోనాలో కింగ్‌మన్ నుంచి ఓట్‌మన్ అనే పాత గనుల ఊరికి వెళ్లే కొండదారి వదలకండి. అన్నీ హెయిర్‌పిన్ మలుపులే, 40 అడుగులు దాటిన బండిని రానివ్వరు. కిందికి దిగాక ఓట్‌మన్ వీధిలో గాడిదలు తిరుగుతుంటాయి. గనుల కాలంలో బరువులు మోసిన గాడిదల సంతతి. కారు అద్దం దించకండి. నేను దించితే ఒకటి తల లోపలికి పెట్టి ఒళ్లో ఉన్న మ్యాపు కొరికింది. ఇంకొకటి, నాన్నగారు స్టీరింగ్ అడుగుతారు, చూడండి! అద్దె కారైతే ఒప్పందంలో ఆయన పేరు లేకుండా ఇవ్వకండి.

గుడారం:
కింగ్‌మన్ చేరేముందు ఒక రాత్రికి ఆరిజోనాలోనే హోల్‌బ్రుక్‌లో విగ్వామ్ మోటెల్. 1950 నాటి గుడారం ఆకారపు గదులు, ముందు పాత కార్లు. గదులు కొన్నే, ముందే బుక్ చేసుకోండి. దానికి ముందు పెట్రిఫైడ్ ఫారెస్ట్ పార్కులో తుప్పుపట్టిన 1932 స్టూడీబేకర్ కారు ఉంటుంది. కారుతోపాటు వెనకున్న టెలిఫోన్ స్తంభాల వరస కూడా చూపించండి. ఒకప్పుడు రోడ్డు వాటి పక్కనుంచే పోయేది. రోడ్డు పోయింది, స్తంభాలున్నాయి.

చక్రాలకాళ్లు:
అందరికీ థ్యాంక్సండీ. ట్యాంకు ఫోటో చూపించా. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, "వీడెవడో మహా ముదురు" అన్నారు. కాసేపాగి, "ఆ కొండదారిలో మలుపులెన్నో కనుక్కో" అన్నారు. ఎవరైనా లెక్కపెట్టారా?