చెన్నైలో ఫ్యాక్టరీ డాక్టర్ ఉద్యోగం, వెళ్లొచ్చా?

ప్రశ్న: ఎంబీబీఎస్ అయింది. అంబత్తూర్‌లో ఒక ఫ్యాక్టరీవాళ్లు కార్మికులకు వైద్య పరీక్షలు చేయడానికి రమ్మంటున్నారు. పీజీ లేదు, వెళ్లొచ్చా అండీ? అసలు పని ఎలా ఉంటుంది?

జవాబు: తప్పకుండా వెళ్లండి. కానీ ఏఎఫ్ఐహెచ్ (ఫ్యాక్టరీ డాక్టర్లకు ఉండే పారిశ్రామిక ఆరోగ్య కోర్సు) చేయండి, మూడు నెలలే, తరమణిలోని ప్రాంతీయ కార్మిక సంస్థలో ఉంది. ఎంబీబీఎస్ చాలు.

మరో జవాబు: బీపీ చూసి సంతకం పెట్టే పని అనుకోకండి తమ్ముడూ. సిలికా దుమ్ములో ఉండేవాళ్లకి ఎక్స్‌రే, స్పైరోమెట్రీ (ఊది చూసే ఊపిరితిత్తుల పరీక్ష), సీసంతో పనిచేసేవాళ్లకి రక్త పరీక్ష, ప్రెస్ షాపు (యంత్రాలతో లోహపు రేకులు నొక్కే విభాగం) వాళ్లకి ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష. ఈ చెవి పరీక్ష మాత్రం షిఫ్ట్ దిగగానే చేయొద్దు, అప్పటిదాకా మోతలో ఉన్న మనిషికి వినికిడి తాత్కాలికంగా తగ్గి ఉంటుంది, రిపోర్టు తప్పుగా వస్తుంది. మోత వల్ల వచ్చే చెవుడు ఎక్కువగా 4000 హెర్ట్జ్ దగ్గర, అంటే కీచుగా ఉండే శబ్దాల దగ్గర మొదలవుతుంది, మాటలు బాగానే వినిపిస్తాయి కాబట్టి అతనికే తెలియదు, మనమే పట్టుకోవాలి.

ప్రశ్న అడిగినవారు: థ్యాంక్స్ అన్నా. మేనేజ్‌మెంట్ అందరికీ ఫిట్ అని రాయమంటే? అదే టెన్షన్.

రెండో జవాబు ఇచ్చినవారు: రాయొద్దు. అలాగని ఊరికే అన్‌ఫిట్ అనీ రాసేయొద్దు, పని పోతుందన్న భయంతోనే చాలామంది దగ్గు దాచేస్తారు. దుమ్ము, మోత లేని సెక్షన్‌కి మార్చమని కాగితం మీద రాసి, కాపీ దగ్గర పెట్టుకోండి.