నీళ్ళ బోరు, హీట్ పంప్ బోర్లు ఒకేసారి వేయిస్తున్నాం, అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి

కొత్తగోడ:
రిగ్ ఎలాగూ వస్తోంది కదా అని, నీళ్ళ బోరుతో పాటు నేలలోని వేడి తీసి ఇంటిని వెచ్చబరిచే గ్రౌండ్ సోర్స్ హీట్ పంప్‌కి కావలసిన బోర్లు కూడా వేయించేద్దామనుకుంటున్నాం. పైన మెత్తటి మన్ను, కింద గట్టి రాయి. ఒకే బోరు రెండిటికీ సరిపోతుందా? లూపులు, అంటే ద్రవం తిరిగే పైపులు, దించే బోర్ల మధ్య ఎంత ఎడం ఉండాలి? సెప్టిక్ ట్యాంకుకి ఎంత దూరంలో వేయాలి? ఇంకో మాట. గ్రౌటింగ్ (పైపు చుట్టూ సందుని గట్టిపడే ముద్దతో నింపడం) అక్కర్లేదు, బోరులోంచి వచ్చిన రాతిపొడినే తిరిగి పోసేస్తానంటున్నాడు కాంట్రాక్టరు. ఒప్పుకోవచ్చా?

బండనేల:
ముందు నీళ్ళ సంగతి తేల్చుకోండి. మా బోరులో కంప్రెసర్‌తో ఊదుతుంటే నీళ్ళు మనిషెత్తు లేచాయి. పుష్కలంగా ఉన్నాయని చెప్పి రిగ్ వాళ్ళు సర్దుకుని వెళ్ళిపోయారు. మోటారు దించి వేస్తే కాసేపటికే గాలి పీల్చడం మొదలుపెట్టింది. ఊదినప్పుడు ఎగిరేది చాలావరకు పగుళ్ళలో అప్పటికే నిలవున్న నీరు. అసలు ఊట ఎంతో తెలియాలంటే గంటల తరబడి ఒకే వేగంతో తోడుతూ మట్టం ఎక్కడ నిలబడుతుందో కొలవాలి. ఆపాక ఎంతసేపటికి మళ్ళీ పైకొస్తుందో కూడా రాయాలి. ఆ కాగితం చేతికి రాకుండా డబ్బు మొత్తం ఇవ్వకండి.

లూప్‌మేస్త్రి:
నా వృత్తే ఇది. ఏళ్ళ తరబడి బోర్లలో లూపులు దించుతున్నాను కాబట్టి గట్టిగా చెప్పగలను. ఒకే బోరుతో రెండు పనులూ అన్న ఆలోచన మానుకోండి. 10 కిలోవాట్ల హీట్ పంప్, సీఓపీ 4 (ఒక వంతు కరెంటుకి నాలుగు వంతుల వేడి) అనుకుందాం. అందులో 7.5 కిలోవాట్లు నేలలోంచి రావాలి. బోరు నీటిని 4 డిగ్రీలు చల్లబరిచి ఆ వేడి తీయాలంటే నిమిషానికి సుమారు 27 లీటర్లు కావాలి, అదీ పంప్ నడిచినంతసేపూ. ఇంటి వాడకం దీనికి అదనం. తోడిన నీటిని మళ్ళీ నేలలోకి పంపడానికి ఇంకో బోరు ఎలాగూ తప్పదు. నీటిలో ఇనుముంటే హీట్ ఎక్స్‌ఛేంజర్ ఎర్ర బురదతో పూడిపోతుంది. క్లోజ్డ్ లూప్ వేయించుకోండి, అందులో ద్రవం మూసిన పైపుల్లోనే తిరుగుతుంది, నీళ్ళు తోడక్కర్లేదు. బోర్ల మధ్య 6 మీటర్లకు తగ్గకూడదు.

రాతిపొడి పోస్తానన్నవాణ్ణి మాత్రం ఇంకోసారి గేటు దగ్గరికి రానివ్వకండి.

రాతిపొర:
అంత మాట అనకండి. మా లూప్ బోర్లలో గ్రౌట్ లేదు, హీట్ పంప్ హాయిగా నడుస్తోంది. స్వీడన్, నార్వేల్లో గట్టి రాతిలో వేసే బోర్లకు మామూలుగా గ్రౌట్ వేయరు. పైపు చుట్టూ భూగర్భజలమే నిండి ఉంటుంది. లక్షల ఇళ్ళు అలాగే వెచ్చబడుతున్నాయి. వాళ్ళకు తెలియనిదా?

లూప్‌మేస్త్రి:
వాళ్ళు నీటితో వదిలేస్తారు, రాతిపొడితో కాదు. ఆ తేడా మీరు పట్టించుకోవడం లేదు. పై మన్ను దాటి కేసింగ్‌ను రాతిలోకి దించి, అక్కడ సీల్ చేశాకే అలా వదులుతారు. రాతిపొడి పైనుంచి పోస్తే సగంలో ఇరుక్కుంటుంది. దాని కింద ఖాళీ మిగిలిపోతుంది. నీటిమట్టం దిగిపోతే ఆ ఖాళీలో ఉండేది గాలే, గాలికి వేడి అందించే గుణం చాలా తక్కువ. గ్రౌట్ అయితే సన్న పైపు అడుగుదాకా దించి కిందినుంచి పైకి నింపుతారు, సందు మిగలదు. ఈయన పక్కనే తాగునీటి బోరు కూడా వేస్తున్నారు. సీల్ లేని లూప్ బోరు వెంబడే పైనున్న మురికి ఆ నీటిలోకి దిగిపోతుంది.

నేలతడి:
జర్మనీలో స్టౌఫెన్ సంగతి గుర్తుందా? 2007లో టౌన్ హాల్ కోసమని 7 బోర్లు, ఒక్కోటి సుమారు 140 మీటర్లు వేశారు. భూగర్భజలం అన్‌హైడ్రైట్ పొరకు చేరింది. అది జిప్సంగా మారి ఉబ్బితే ఊరే పైకి లేచి 200కు పైగా ఇళ్ళు బీటలు వారాయి. గ్రౌట్ దండగ అనేవాళ్ళు ఆ ఫొటోలు ఒకసారి చూడండి.

రాతిపొర:
ఎక్కడి అన్‌హైడ్రైట్, ఎక్కడి గట్టి రాయి! ఆయన నేలలో ఆ పొర ఉందని ఎవరు చెప్పారు? ఊరికే జనాన్ని బెదరగొట్టకండి. అడిగినదానికి జవాబివ్వండి.

నేలతడి:
కింద ఏముందో తెలియకుండా డ్రిల్ చేయొద్దనే నేను చెప్పేది. బెదిరింపు అనిపిస్తే మీ ఇష్టం.

చలిగది:
మీ గొడవ ఆపితే నా బాధ చెబుతాను. మా లూపులు పొట్టివి. మీటరుకి ఇన్ని వాట్లు అని ఒకే అంకె పట్టుకుని ఇన్‌స్టాలర్ లెక్క కట్టేశాడు. పొడి ఇసుక, గులక నేల మీటరుకి 25 వాట్లు ఇవ్వడమే ఎక్కువ, తడిసిన గట్టి రాయి 60 దాకా ఇస్తుంది. ఒకే అంకె అన్ని నేలలకూ ఎలా సరిపోతుంది? మొదటి చలికాలం బాగానే గడిచింది. తర్వాత నేలనుంచి తిరిగొచ్చే ద్రవం ఏటికేడు చల్లబడుతూ వచ్చింది. ఇప్పుడు చలి ముదిరితే చాలు, ఎలక్ట్రిక్ హీటర్ ఆన్ అవుతుంది. మీటరు తిరుగుతుంటే టెన్షన్. పెద్ద పనైతే నేల వేడిని ఎంత బాగా అందిస్తుందో బోరులోనే కొలిచే థర్మల్ రెస్పాన్స్ టెస్ట్ చేయించాల్సిందే.

వెచ్చనినేల:
వేసవిలో ఇంటి వేడిని లూపుల్లోకి పంపుతున్నారా? మేం అదే చేస్తున్నాం. చలికాలం మొదలయ్యేసరికి నేల కోలుకుని ఉంటోంది. చాలా ఇళ్ళలో ఇందుకు కంప్రెసర్ కూడా నడపక్కర్లేదు, సర్క్యులేషన్ పంప్ చాలు.

పాతాళం:
లోతు పెంచితే వేడి దానంతటదే వస్తుంది కదా, ఇన్ని బోర్లు ఎందుకు?

లూప్‌మేస్త్రి:
కిలోమీటరుకి 25 నుంచి 30 డిగ్రీలు. అంటే ఇంకో 100 మీటర్లు దిగితే పెరిగేది 3 డిగ్రీల లోపే. 15 మీటర్లు దాటాక నేల ఏడాదంతా ఇంచుమించు ఒకే వేడిలో ఉంటుంది, మనకు పనికొచ్చేది అదే.

కొత్తగోడ:
అందరికీ ధన్యవాదాలు. సెప్టిక్ ట్యాంకు సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఊటబావి:
చాలా చోట్ల నిబంధన కనీసం 15 మీటర్లు, కొన్నిచోట్ల 30. మీ అనుమతి పత్రంలో రాసి ఉంటుంది. నీళ్ళ బోరు ఎత్తువైపు, ట్యాంకు పల్లంవైపు ఉండాలి. దూరం ఒక్కటే చాలదు, కేసింగ్ చుట్టూ సీల్ కూడా ఉండాలి. మా పక్కింటి బోరులో కేసింగ్‌ను చేత్తో ఊపితే కదిలేది. వాన పడ్డప్పుడు గొట్టం పక్కనుంచి బుడగలతో నీళ్ళు లోపలికి దిగడం కళ్ళారా చూశాను. ఆ ఇంట్లో పిల్లలకు తరచూ కడుపునొప్పి.

నీళ్ళు తేటగా ఉన్నాయని తాగేయకండి. మా బోరు నీళ్ళు పట్టినప్పుడు అద్దంలా ఉంటాయి, తెల్లారేసరికి బకెట్ అడుగున ఎర్ర మడ్డి. అది కంటికి కనబడే ఇనుము. ఫ్లోరైడ్, ఆర్సెనిక్ కనబడవు. డబ్ల్యూహెచ్‌ఓ హద్దు లీటరుకి ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు, ఆర్సెనిక్ 10 మైక్రోగ్రాములు. బాక్టీరియా పరీక్ష క్లోరిన్ వేసి, పూర్తిగా తోడేశాక చేయించండి.

రాతిపొర:
ఇది పనికొచ్చే మాట. కొత్తగోడ గారూ, లూపులకు ప్రెజర్ టెస్ట్ కూడా రాయించుకోండి. దించకముందు ఒకసారి, దించాక ఒకసారి.

లూప్‌మేస్త్రి:
గ్రౌట్ పోశాక ఇంకోసారి.

బండనేల:
రిగ్ కదిలే ముందే బోరు మీద మూత బోల్టులతో బిగించమనండి. మోటారు వచ్చేదాకా గోనెసంచి కప్పి వదిలేసిన బోర్లు ఇంకా చూస్తూనే ఉన్నాను. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారా?

కొత్తగోడ:
ఇద్దరున్నారు. మూత బిగించాకే రిగ్ కదలాలని ఒప్పందంలోనే రాయిస్తాను. గ్రౌట్ కూడా.