వీధి కెమెరాల గురించి మనకు జవాబు చెప్పవలసింది ఎవరు? (తిరుపతి, చిత్తూరు పౌరుల చర్చ)

తిరుపతి పౌరుడు:

ఈ వేదికలోని మిత్రుల ముందు ఒక ప్రశ్న ఉంచుతున్నాను. తిరుపతి, చిత్తూరు వంటి మన ఊళ్లలో వీధివీధినా బిగిస్తున్న నిఘా కెమెరాల విషయంలో మనం ఓటు వేసి గెలిపించినవారు మనకు జవాబు చెప్పాలా, లేక అది పోలీసు శాఖ సొంత వ్యవహారమని మనం ఊరుకోవాలా? కెమెరాలు వద్దని నేను అనడం లేదు. వాటికి రాతపూర్వకమైన నియమాలు ఉండాలని, ఆ నియమాల గురించి పౌరుడు అడిగినప్పుడు బదులు చెప్పే బాధ్యత ఎన్నికైనవారిదేనని నా అభిప్రాయం.

మా వీధి మలుపులోని స్తంభానికి కొంతకాలం కిందట రెండు కెమెరాలు అమర్చారు. ఒకటి కూడలి వైపు చూస్తుంది. దానిపై ఎవరికీ అభ్యంతరం లేదు. రెండోది మా వరుసలోని వాకిళ్లకూ మిద్దెలకూ ఎదురుగా ఉంది. తెల్లవారుజామున వాకిట్లో నీళ్లు చల్లి ముగ్గు వేసే ఆడవాళ్లు, మిద్దె మీద బట్టలు ఆరేసేవాళ్లు, ఎండాకాలం అక్కడే చాపలు పరుచుకుని నిద్రపోయే పిల్లలు అందరూ దాని ఎదుటే ఉంటారు. దాన్ని కాస్త పక్కకు తిప్పమనీ, ఆ దృశ్యాలను ఎవరు చూస్తారో, ఎన్నాళ్లు దాచి ఉంచుతారో చెప్పమనీ అడిగాము. ఒక కార్యాలయంలో స్తంభం మాత్రమే తమదన్నారు. మరో కార్యాలయంలో నిర్వహణ అంతా కాంట్రాక్టరుదన్నారు. ప్రజాప్రతినిధి కార్యాలయంలో ఆయన పీఏ అర్జీని మర్యాదగానే తీసుకుని, మా నకలు మీద తేదీ వేసి, ‘అందినది’ అని ముద్ర కొట్టి ఇచ్చారు. ఆ ముద్ర తప్ప ఇంతవరకు మరే జవాబూ రాలేదు. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేసి దరఖాస్తు పంపితే, భద్రతా కారణాల వల్ల వివరాలు ఇవ్వలేమని రెండు వాక్యాలు రాసి పంపారు.

అన్నిటికంటే నన్ను ఎక్కువగా బాధించినది ఆ ప్రజాప్రతినిధి మౌనం. ఎన్నికల సమయంలో గడప దగ్గరికి వచ్చి పేరు పెట్టి పలకరించిన మనిషికి, అదే గడపను రాత్రింబగళ్లు చూస్తున్న కెమెరా గురించి ఒక్క మాట చెప్పే తీరిక లేకపోవడం ఏ విధంగా న్యాయమో నాకు అర్థం కావడం లేదు.

గాంధీ రోడ్డు వర్తకుడు:

పౌరుడు గారి ఆవేదనను నేను తోసిపుచ్చడం లేదు. అయితే ఆయన నివాస వీధి నుంచి చూస్తున్నారు, నేను దుకాణంలో కూర్చుని చూస్తున్నాను. రోజుకు 60 వేలు, 70 వేల మంది స్వామివారి దర్శనం చేసుకునే క్షేత్రం కింద ఉన్న ఊరు ఇది. ఇక్కడ తిరిగేవారిలో ఎవరు యాత్రికుడో, ఎవరు జేబుదొంగో ముఖం చూసి చెప్పగల శక్తి ఎవరికీ లేదు. 2003 అక్టోబరు 1న అలిపిరి వద్ద ముఖ్యమంత్రి కాన్వాయ్‌పైనే మందుపాతర పేల్చిన సంగతి మన తరం మరచిపోలేదు. 2023 అక్టోబరులో చెన్నై నుంచి వచ్చిన ఒక కుటుంబానికి చెందిన రెండేళ్ల బాబును బస్టాండులో ఎవరో ఎత్తుకుపోయినప్పుడు, ఆ బిడ్డ తిరిగి తల్లి ఒడికి చేరడానికి తోడ్పడినది కెమెరాలలో నమోదైన దృశ్యాలే.

2025 జనవరి 8 రాత్రి బైరాగిపట్టెడ వద్ద వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం చేరిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు ప్రాణాలు కోల్పోయిన తర్వాత కూడా, ఈ ఊళ్లో జనం కదలికలను ఎప్పటికప్పుడు గమనించనక్కరలేదని ఎవరైనా అనగలరా? నియమాల పేరుతో ప్రతి కెమెరా మీదా కౌన్సిల్లో వాదోపవాదాలు మొదలైతే, రాజకీయ నాయకులు తమకు కావలసిన వీధికి కెమెరా పెట్టించుకుని, వద్దనుకున్న వీధికి తీయించేస్తారు. భద్రత పోలీసుల చేతిలో ఉండడమే మేలని నా నమ్మకం.

చిత్తూరు న్యాయవాది:

ముందుగా సమాచార హక్కు దరఖాస్తుకు వచ్చిన జవాబు సంగతి. సెక్షన్ 7(8) ప్రకారం, సమాచారం నిరాకరించే అధికారి అందుకు కారణమేమిటో, ఎన్ని రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చో, ఎవరికి చేసుకోవాలో రాసి తీరాలి. ఉత్త ‘భద్రతా కారణాలు’ అనే మాట చెల్లదు. సెక్షన్ 24 ఇచ్చే మినహాయింపు ప్రభుత్వం నోటిఫై చేసిన నిఘా, భద్రతా సంస్థలకే వర్తిస్తుంది. పురపాలక కార్యాలయానికి వర్తించదు. 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయండి.

ఇక అసలు విషయానికి వస్తే, ఉమ్మడి రాష్ట్రంలో 2013లో ప్రజా భద్రతా చర్యల అమలు చట్టం వచ్చింది. జనం ఎక్కువగా వచ్చే దుకాణాలు, సంస్థలు కెమెరాలు పెట్టుకోవాలనీ, దృశ్యాలను 30 రోజులు భద్రపరచి పోలీసులు కోరినప్పుడు ఇవ్వాలనీ అది చెబుతుంది. వర్తకుడు గారు తమ దుకాణంలో పెట్టుకున్న కెమెరాలకు ఆధారం అదే. అంటే మన శాసనసభ పౌరుడి మీద, వ్యాపారి మీద బాధ్యత మోపింది. ప్రభుత్వం తానే వీధిలో పెట్టే కెమెరాకు ఎవరు యజమాని, ఎవరు చూడవచ్చు, ఎప్పుడు చెరిపేయాలి అన్న విషయాలను ఆ శ్రద్ధతో పట్టించుకోలేదు.

వీధిలో గోప్యత ఎక్కడిదని చాలామంది అడుగుతారు. దీనికి జవాబు మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులోనే ఉంది. 1986లో మన శాసనసభ స్టాంపుల చట్టంలోని సెక్షన్ 73ను సవరించి, కలెక్టరు అధికారమిచ్చిన మనిషి బ్యాంకుల్లో ఉన్న ఖాతాదారుల పత్రాలను సైతం తనిఖీ చేసి తీసుకుపోయే వీలు కల్పించింది. హైకోర్టు దానిని కొట్టివేసింది. కెనరా బ్యాంకు కేసుగా పేరుపడిన ఆ వివాదంలో సుప్రీంకోర్టు 2004 నవంబరులో హైకోర్టు తీర్పునే సమర్థించింది. గోప్యత హక్కు మనుషులకు సంబంధించినదే తప్ప స్థలాలకు సంబంధించినది కాదని, కాబట్టి పత్రం ఇంటి నుంచి బ్యాంకుకు చేరినంత మాత్రాన హక్కు పోదని అందులో స్పష్టం చేసింది. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించినప్పుడు, ప్రభుత్వం అందులో జోక్యం చేసుకోవాలంటే ఒక చట్టం ఉండాలనీ, న్యాయమైన ప్రయోజనం ఉండాలనీ, ఆ ప్రయోజనానికి అవసరమైన మేరకే జోక్యం ఉండాలనీ చెప్పింది. కూడలిని చూసే కెమెరా ఈ పరీక్షలో నెగ్గవచ్చు. మిద్దెను చూసే కెమెరా నెగ్గుతుందని నేను అనుకోను.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మనల్ని ఆదుకుంటుందని ఆశపడేవారికి ఒక హెచ్చరిక. నేరాల నివారణ, దర్యాప్తు పనులకు సెక్షన్ 17 విస్తారమైన మినహాయింపులు ఇచ్చింది. అదే చట్టంలోని సెక్షన్ 44 సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారం నిరాకరణకు సంబంధించిన 8(1)(జె)ని మార్చింది. చట్టసభకు నిరాకరించలేని సమాచారాన్ని సామాన్యుడికీ నిరాకరించరాదని అందులో పూర్వం ఉన్న వాక్యం ఇప్పుడు లేదు. కాబట్టి చట్టసభలో అడగగలిగిన మనిషి అవసరం మునుపటికంటే పెరిగింది. ఈ విషయంలో పౌరుడు గారి వాదన వైపే నేను నిలుస్తాను.

విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి:

ప్రజాప్రతినిధుల పక్షాన కూడా ఎవరో ఒకరు మాట్లాడాలి కాబట్టి రాస్తున్నాను. ఉదయం ఏడు గంటలకు వారి ఇంటి ముందు నిలబడే జనాన్ని నేను ఉద్యోగరీత్యా ఎన్నో ఏళ్లు చూశాను. పింఛను ఆగిపోయిన ముసలమ్మ, రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల 22-ఎ జాబితాలో చేరిపోయిన భూమిని తీయించుకోలేక తిరుగుతున్న రైతు, బదిలీ కోసం వచ్చిన ఉపాధ్యాయుడు, ఆసుపత్రి ఖర్చుకు సీఎం సహాయ నిధి లేఖ కావలసిన కుటుంబం ఆ వరుసలో ఉంటారు. వారి మధ్య కెమెరా దిశ గురించిన అర్జీ అడుగున పడిపోవడం దురుద్దేశంతో జరిగినది కాకపోవచ్చు.

అధికారం సంగతి కూడా ఆలోచించాలి. పోలీసు కంట్రోల్ రూమ్ హోం శాఖ పరిధిలోనిది. కార్పొరేటరుకు దానిపై ఏ అధికారమూ లేదు; స్తంభానికీ విద్యుత్తుకూ సంబంధించిన తీర్మానం మాత్రమే కౌన్సిల్ ముందుకు వస్తుంది. శాసనసభ్యుడు అడగవచ్చు గాని ఆదేశించలేరు. అందువల్ల సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి నమోదు సంఖ్య తీసుకోవడమే మేలైన మార్గం. అయితే ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. ఇదే ఏర్పాటు ‘స్పందన’గా ఉన్నప్పుడూ, ఇప్పుడూ, సంబంధిత శాఖకు పంపామని ఎండార్స్‌మెంట్ ఇచ్చి అర్జీని పరిష్కరించినట్లు మూసేసే అలవాటు ఉంది. అలా మూసేస్తే తిరిగి తెరిపించండి, వదలవద్దు.

పరిశోధక విద్యార్థిని:

ఇక్కడ ఆడవాళ్ల ప్రస్తావన వచ్చింది గాని, ఆడవాళ్లను ఎవరూ అడిగినట్లు లేదు. మేము ఉండే వసతిగృహం దారిలో చీకటి పడితే నడవలేని పరిస్థితి ఉండేది. వీధి దీపాలు వేయమని అమ్మాయిలందరం సంతకాలు చేసి ఇచ్చాము. కెమెరా పెట్టారు, దీపం వేయలేదు. ఆ చీకటిలో ఆ కెమెరాకు వచ్చేపోయే బండ్ల హెడ్‌లైట్ల వెలుగు తప్ప మరేమీ కనిపించే అవకాశం లేదు. మా అవసరం ఏమిటో అడిగి తెలుసుకునే ప్రతినిధి ఒకరు మధ్యలో ఉండి ఉంటే ఆ డబ్బు దీపానికి ఖర్చయ్యేది. ప్రతినిధి జోక్యం చేసుకుంటే రాజకీయమవుతుందని వర్తకుడు గారు భయపడుతున్నారు. జోక్యం లేకపోతే ఏమవుతుందో మా దారికి వచ్చి చూడవచ్చు.

మన పోలీసులే నడుపుతున్న తాళం వేసిన ఇళ్ల నిఘా పథకం ఉంది. ఊరికి వెళ్లే కుటుంబం యాప్‌లో నమోదు చేసుకుని కోరితేనే ఇంట్లో కెమెరా పెడతారు, తిరిగి రాగానే తీసేస్తారు. అడిగి పెట్టే పద్ధతి మన రాష్ట్రానికి కొత్త కాదని చెప్పడానికే దీనిని గుర్తు చేస్తున్నాను. తిరుమలలో దళారుల బెడదను అరికట్టడానికి 2023 మార్చి 1 నుంచి గదుల కేటాయింపు, లడ్డూల పంపిణీ వంటి చోట్ల ముఖ గుర్తింపును ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. అక్కడ కనీసం ప్రయోజనం ఏమిటో ముందే చెప్పారు. వీధిలో అదే పరిజ్ఞానం వస్తే ఎవరు చెబుతారు? ధర్నాకు వెళ్లిన విద్యార్థుల ముఖాలను కూడా అది గుర్తిస్తుందా? ఈ ప్రశ్న మాకు ఊహాజనితమైనది కాదు. ఉద్యోగాల కోసం పోలీసు విచారణ నివేదికల మీద ఆధారపడే వయసులో ఉన్నాము.

తిరుపతి పౌరుడు:

అందరికీ కృతజ్ఞతలు. రెండు అంశాలకు బదులు చెప్పాలి.

వర్తకుడు గారు బైరాగిపట్టెడను గుర్తు చేశారు. అక్కడ అవసరమైనది ఎంతమంది చేరారో లెక్క తెలియడం, గేటు ఎప్పుడు తెరవాలో సమయానికి నిర్ణయించడం. జనాన్ని లెక్కించడానికి ఎవరి ముఖమూ ఎవరి పేరూ అక్కరలేదు. తప్పిపోయిన బిడ్డను వెతకడం వేరొక పని. దానికి ముఖం కావాలి, ఫిర్యాదు కూడా ఉంటుంది. ధర్నాలో నిలబడినవాళ్లను గుర్తించడం పూర్తిగా మరో పని. ఈ మూడింటికీ ఒకే కెమెరా సరిపోతుంది కాబట్టే, దేనికి వాడవచ్చో దేనికి వాడకూడదో ముందుగా రాసి పెట్టాలని అంటున్నాను.

విశ్రాంత ఉద్యోగి గారు చెప్పిన ఇబ్బందులను కాదనలేను. అయినా ఈ విషయంలో తమకు అధికారం లేదని మన శాసనసభ్యులు అనగలరని నేను ఒప్పుకోను. 2022 మార్చిలో ఫోన్లలోకి రహస్యంగా చొరబడే పెగాసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్ గురించి ఆరోపణలు వచ్చినప్పుడు మన శాసనసభ వెంటనే సభాసంఘాన్ని వేసింది. దానికి అధ్యక్షులు అప్పటి తిరుపతి శాసనసభ్యులు భూమన కరుణాకర్‌రెడ్డి గారే. ఆ సంఘం అధికారులను పిలిపించింది, పౌరుల డేటా బయటికి పోయిందని ఆరోపిస్తూ అదే ఏడాది సెప్టెంబరులో మధ్యంతర నివేదికను సభ ముందు పెట్టింది. ఆ ఆరోపణల నిజానిజాల జోలికి నేను వెళ్లడం లేదు, ఏ పార్టీనీ సమర్థించడం లేదు. నిఘా గురించి అధికారులను కూర్చోబెట్టి అడిగే శక్తి సభకు ఉందనడానికి అది రుజువు. పార్టీల మధ్య తగాదా అయినప్పుడు వాడిన ఆ శక్తిని, మామూలు వీధి మనుషుల కోసం వాడమని కోరడం అత్యాశ కాదు.

టెలిఫోన్ల ట్యాపింగ్ విషయంలోనూ ఇదే లోటు ఉంది. 1996లో సుప్రీంకోర్టు ఆదేశించిన మీదట సమీక్షా సంఘాలు వచ్చాయి. రాష్ట్ర స్థాయి సంఘంలో ప్రధాన కార్యదర్శి, ఇతర కార్యదర్శులు ఉంటారు. ఒక కార్యదర్శి ఇచ్చిన ఆదేశాన్ని తోటి కార్యదర్శులే సమీక్షిస్తారు. ఎన్నికైన మనిషి ఒక్కరూ అందులో ఉండరు. వీధి కెమెరాలకు ఆ మాత్రం సమీక్ష ఉన్నట్లు కూడా మాకు ఎవరూ చెప్పలేదు.

అందుకని, తిరుపతి, చిత్తూరు జిల్లాల్లోని శాసనసభ్యులందరికీ ఒకే వినతిపత్రం ఇద్దామని ప్రతిపాదిస్తున్నాను. ప్రతి కెమెరా దగ్గర దాని బాధ్యత ఏ కార్యాలయానిదో తెలిపే పలక ఉండాలి. ఇళ్ల లోపలికి, మిద్దెల మీదికి చూపు పడకుండా కప్పి ఉంచాలి. ఫిర్యాదు లేని దృశ్యాలను 15 రోజుల తర్వాత చెరిపివేయాలి. ముఖ గుర్తింపు ఎక్కడ వాడుతున్నారో ఏటా సభకు తెలపాలి. ఈ విషయమై వచ్చే సమావేశాల్లో నక్షత్ర గుర్తు ప్రశ్న (మంత్రి సభలో నోటిమాటగా జవాబు చెప్పవలసిన ప్రశ్న) వేస్తారో వేయరో ప్రతి సభ్యుడూ రాతపూర్వకంగా చెప్పాలని కోరదాం.

గాంధీ రోడ్డు వర్తకుడు:

పలక విషయం, మిద్దెల విషయం నాకు సమ్మతమే. మా ఇంటి మిద్దె మీదికి ఎవరైనా చూస్తుంటే నేను కూడా ఊరుకోను. ముఖ గుర్తింపు వివరాలు సభకు తెలపడంలోనూ నాకు అభ్యంతరం లేదు. 15 రోజుల నిబంధన దగ్గర మాత్రం నేను ఆగిపోతాను. తమిళనాడు నుంచి, కర్ణాటక నుంచి వచ్చిన యాత్రికులు ఊరికి వెళ్లిన తర్వాత సంచి తెరిచి చూసుకుని, నగ పోయిందని తెలిసి, బంధువుల ద్వారా ఫిర్యాదు పంపేసరికి మూడు వారాలు గడిచిపోతాయి. దుకాణదారులమైన మమ్మల్ని 30 రోజులు దాచమని చట్టం చెబుతున్నప్పుడు, ప్రభుత్వ కెమెరా దృశ్యాలను అంతకంటే ముందే చెరపమనడం సబబు కాదు. దానిని 30 రోజులుగా మార్చండి. మార్చినట్లయితే నాతోపాటు మా వీధిలోని మరికొందరు వర్తకుల చేత కూడా సంతకాలు చేయిస్తాను. మార్చకపోతే నా పేరు అందులో చేర్చవద్దు.

చిత్తూరు న్యాయవాది:

30 రోజులకు నాకు అభ్యంతరం లేదు గాని, ఆ గడువు తర్వాత చెరిపివేసినట్లు ఒక అధికారి సంతకంతో రిజిస్టరులో నమోదు చేయాలన్న వాక్యాన్ని దాని పక్కనే చేర్చండి. ఆ రిజిస్టరును ఎవరు తనిఖీ చేయాలన్నది మాత్రం ఇంకా తేలలేదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అప్పగించాలని నేను అంటాను. ఆ అధికారం ఎన్నికైనవారికే ఉండాలని పౌరుడు గారు అంటారని తెలుసు. ముసాయిదా రాసేలోపు మిగిలిన మిత్రులు దీనిపై తమ అభిప్రాయం చెప్పగలరు.