‘హృదయాని వ్యదారయత్’ అతిశయోక్తేనా?

ప్రశ్న: గీత మొదటి అధ్యాయం 19వ శ్లోకంలో ‘స ఘోషో ధార్తరాష్ట్రాణాం హృదయాని వ్యదారయత్’ అని ఉంది. పాండవుల శంఖాల మోతకే కౌరవుల గుండెలు చీలిపోయాయనడం కవి అతిశయోక్తి కాదా?

జవాబు: అలంకారం లెక్కన అతిశయోక్తే. కానీ అంతటితో వదిలేస్తే శ్లోకానికి అన్యాయం చేసినట్టే. ఇక్కడ కర్త ఎవరో చూడండి. భీముడు కాదు, అర్జునుడు కాదు, ఘోష. మోతే వచ్చి గుండెల్ని చీల్చింది. ఉత్తరార్ధంలో అదే మోత నేలనీ ఆకాశాన్నీ దద్దరిల్లజేస్తోంది. ఇక తలదాచుకునే చోటేది?

ఫిరంగి దాడి కింద బతికి బయటపడ్డ సైనికులు చెప్పిందీ ఇదే. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916లో ఫ్రాన్స్‌లో జరిగిన సోమ్ యుద్ధానికి ముందు బ్రిటిష్ ఫిరంగులు వారం రోజులు 15 లక్షలకు పైగా గుండ్లు కురిపించాయి. కందకంలో ఉన్నవాడికి శత్రువు కనపడడు. తిరగబడటానికీ లేదు, పరుగెత్తడానికీ లేదు. తర్వాతి గుండు ఎక్కడ పడుతుందోనన్న టెన్షన్ ఒక్కటే. ఒంటిమీద గాయం లేకుండానే వణుకు పట్టుకునేది, మాట పడిపోయేది. 1915లో వైద్యుడు చార్లెస్ మయర్స్ దీన్ని ‘షెల్ షాక్’ పేరుతో వైద్య పత్రికకెక్కించాడు. దగ్గర్లో గుండు పేలనివాళ్లకూ ఇది వస్తోందని తర్వాత ఆయనే గుర్తించాడు.

ఆ కందకాల్లో మన సిపాయిలూ ఉన్నారు. గాయపడి ఇంగ్లండ్ చేరిన ఒక రాజపుత్ర సిపాయి 1915 జనవరిలో ఇంటికి ఉత్తరం రాస్తూ, ఇది యుద్ధం కాదు, లోకం అంతమైపోవడం అన్నాడు. మహాభారతంలో చెప్పిన యుద్ధం ఇలాంటిదేనన్నాడు. నా దృష్టిలో ఈ శ్లోకానికి అంతకు మించిన వ్యాఖ్యానం లేదు.

మరొకరు: మరి 13వ శ్లోకంలో కౌరవుల శంఖాలూ భేరులూ మోగితే ‘స శబ్దస్తుములోఽభవత్’, అంటే ఆ మోత భీకరమైంది, అని ఊరుకున్నారే? పాండవులకు భయం లేదా?

జవాబు: మంచి పట్టు పట్టారు. ధర్మం తమవైపు ఉంది కాబట్టి పాండవులు బెదరలేదని సంప్రదాయంగా చెబుతారు. నాకు మాత్రం చెప్పేవాడూ వినేవాడూ ముఖ్యమనిపిస్తుంది. చెబుతున్నది సంజయుడు, వింటున్నది ధృతరాష్ట్రుడు. ‘ధార్తరాష్ట్రాణాం’ అంటే ఆయన కొడుకులవే ఆ గుండెలు. ఆ మాట ఒక తండ్రి చెవిన పడుతోంది.

మరొకరు: అయితే అది పిరికితనమని చెప్పినట్టేగా?

జవాబు: కాదండీ. శ్లోకంలో ఆ మాటే లేదు. గుండె చీలినవాళ్లే తర్వాత పద్దెనిమిది రోజులు పోరాడారు. భయాన్నీ పిరికితనాన్నీ కలిపేస్తే ఎంత ఘోరం జరుగుతుందో మొదటి ప్రపంచ యుద్ధమే చూపించింది. సైన్యం వదిలి పారిపోయారనీ పిరికివాళ్లనీ, ఇలాంటి నేరాలు మోపి బ్రిటిష్ సైన్యం కాల్చి చంపిన 306 మందికి క్షమాభిక్ష దక్కింది 2006లో.