కాన్పై పది వారాలు, పొట్ట తగ్గలేదు. గుడ్డ ఇంకా బిగించాలా?

ప్రశ్న (మారతహళ్లి, బెంగళూరు)
చెల్లెలికి మామూలు కాన్పై పది వారాలు. చూడ్డానికొచ్చినవాళ్లంతా "ఇంకా ఆరో నెలలా ఉందే" అంటుంటే అద్దం చూడ్డం మానేసింది, ఫొటోల్లోకి రాదు. అమ్మ పొట్టకు చీర గుడ్డ బిగించి కడుతోంది, పథ్యమని అన్నం, నీళ్లు తగ్గించింది. ఇప్పుడు రోజుకు యాభై సిటప్‌లు కూడా. చెయ్యొచ్చా?

జవాబు (ఫిజియోథెరపిస్టు, జయనగర్)
సిటప్‌లు ఈరోజే ఆపించండి. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, తల కొంచెం ఎత్తమనండి. బొడ్డుకు పైనా కిందా వేళ్లు అడ్డంగా పెట్టి నొక్కి చూడండి. రెండు వేళ్లో అంతకన్నా ఎక్కువో దిగినా, మధ్యలో గుడారంలా ఉబికినా పొట్ట కండరాలు ఇంకా దగ్గరపడలేదన్నమాట. బిడ్డ పెరిగేకొద్దీ వాటి మధ్య పొర సాగుతుంది. అది కొవ్వు కాదు, పస్తులుంటే పోదు. సిటప్ తీస్తే ఒత్తిడంతా ఆ పొర మీదే పడుతుంది.

అలాగే పడుకుని, ఊపిరి వదులుతూ, మూత్రం ఆపుకున్నట్టు కింది కండరాలను పైకి లాగి, బొడ్డును మెల్లగా లోపలికి తీసుకోవాలి. ఐదు సెకన్లు, పదిసార్లు, మూడు పూటలా. చాలామంది ఊపిరి బిగబడతారు, అక్కడే చెడుతుంది. లేచేటప్పుడు పక్కకు తిరిగి చేత్తో ఆనుకుని లేవాలి. గుడ్డ వదులుగా, నడుముకు ఆసరాగా అయితే ఫర్వాలేదు. బిగిస్తే బరువు కిందికి, గర్భసంచిని మోసే కండరాల మీదికి దిగుతుంది.

జవాబు (డైటీషియన్, వైట్‌ఫీల్డ్)
అమ్మగారికి మెల్లగా చెప్పండి. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు అదనంగా 600 కిలోక్యాలరీలు కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. కారప్పొడి అన్నంతో అది నిండదు. పప్పు, గుడ్డు, పెరుగు, ఆకుకూర పెట్టండి. నీళ్లు తగ్గితే మలబద్ధకం వస్తుంది, ముక్కినప్పుడు మళ్లీ ఆ కండరాల మీదే భారం. మూడో నెల దాటాక జుట్టు రాలొచ్చు, కంగారు వద్దు, ఏడాదిలోపు మామూలుగా తిరిగొస్తుంది. నీరసం మరీ ఎక్కువైతే టీఎస్‌హెచ్ (థైరాయిడ్) పరీక్ష చేయించండి.

జవాబు (కౌన్సెలర్, బనశంకరి)
పొట్ట గురించి అందరూ చెప్పారు, నాకు ఆ అద్దం మాట దగ్గరే బెంగగా ఉంది. నిద్ర పట్టకపోవడం, బిడ్డ మీద మనసు పోకపోవడం, ఊరికే ఏడుపు రెండు వారాలు దాటితే ఆగకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో తల్లినీ బిడ్డనూ కలిపి చేర్చుకునే వార్డు ఉంది. చావు ఆలోచన వస్తోందంటే ఆ రోజే తీసుకెళ్లాలి. వచ్చినవాళ్ల నోటికి మాత్రం ఇంట్లోవాళ్లే అడ్డుపడాలి, ఆ పని బాలింత మీద పెట్టకండి.

ప్రశ్న అడిగినవారు
మూడు వేళ్లు పట్టాయండి. ఎప్పుడు చూపించాలి?

జవాబు (ఫిజియోథెరపిస్టు)
ఈ వారమే. దగ్గినప్పుడు మూత్రం జారుతోందా, కింద ఏదో దిగినట్టుందా అని అడిగి వెళ్లండి, అవునంటే గైనకాలజిస్టుకే ముందు చూపించండి.