మొదటి డాగ్ షో: హ్యాండ్లర్‌కి ఇవ్వాలా, మనమే నడిపించాలా?

కొత్తచేయి:
మా లాబ్రడార్ మగపిల్లకి ఏడో నెల. పెడిగ్రీ కాగితాలున్నాయి, షోకి పనికొస్తాడని చెప్పే ఇచ్చారు బ్రీడర్. కాగితాల్లో యజమానులుగా నా పేరూ, ఆయన పేరూ ఉన్నాయి. ఎఫ్‌సిఐ (అంతర్జాతీయ కెన్నెల్ క్లబ్బుల సమాఖ్య) పద్ధతిలో జరిగే షోలో పెడదామనుకుంటున్నాం. నేనే రింగ్‌లో నడిపించాలని నా కోరిక. బ్రీడర్ ఏమో హ్యాండ్లర్‌కి, అంటే డబ్బు తీసుకుని రింగ్‌లో కుక్కని నడిపించేవాళ్ళకి, అప్పగించమంటున్నారు. ఏం చేయమంటారు?

పాతకాపు:
హ్యాండ్లర్‌కే ఇవ్వండి. ఒక్కో కుక్కకి జడ్జి ఇచ్చేది కొద్ది నిమిషాలే. అంతలోనే పళ్ళు చూపించాలి, ఒళ్ళంతా తడుముతుంటే కదలకుండా నిలబెట్టాలి, దాని అడుగు బాగా కనబడే వేగంలో పరిగెత్తించాలి. మరీ నెమ్మదిగా తీసుకెళ్తే మంచి నడకున్న కుక్క కూడా ఈడ్చుకుంటున్నట్టు కనిపిస్తుంది. పైగా లీడ్ (మెడకి కట్టే తాడు) పట్టుకోగానే మీ చేతిలో టెన్షన్ దానికి తెలిసిపోతుంది.

తోకచుక్క:
ఒప్పుకోను. షో రోజుకి ఆరు నిండి తొమ్మిది నెలల లోపు ఉంటే పప్పీ క్లాస్. సీఏసీఐబీ (అంతర్జాతీయ ఛాంపియన్ బిరుదుకి లెక్కించే సర్టిఫికెట్) కావాలంటే ఎలాగూ 15 నెలలు నిండాలి. అంటే ఇప్పుడు పోయేదేమీ లేదు, నేర్చుకునే వయసే ఇది, వాడికీ మీకూ. వారానికి నాలుగైదుసార్లు తెలియనివాళ్ళ చేత పెదవి ఎత్తించి పళ్ళు చూడమనండి, కాళ్ళు పట్టుకోమనండి. వదులు లీడ్ మీద మీ ఎడమ పక్కన నడిపించండి. ఎవరి చేతనైనా పక్కనుంచి వీడియో తీయించుకుంటే మీ వేగం ఎక్కడ తప్పుతోందో మీకే తెలుస్తుంది.

రింగుబయట:
మగపిల్ల కదా, రెండు వృషణాలూ దిగాయా? లేకపోతే షోకి పనికిరాడు, ఈ చర్చే దండగ.

కొత్తచేయి:
దిగాయండి. డాక్టర్ చూశారు.

పాతకాపు:
వదులు లీడా? ఏడు నెలల లాబ్రడార్‌ని వదులు లీడ్ మీద తీసుకెళ్తే ముక్కు నేలకానించి వాసన చూసుకుంటూ పోతుంది. జడ్జికి కనబడేది వీపే.

తోకచుక్క:
తల పైకి లాగి పట్టుకుంటే ముందుకాళ్ళు బాగా చాపలేదు. ఈ జాతిలో చూసేదే ఆ చాపు.

పాతకాపు:
లాగమని నేనెక్కడన్నాను? పట్టు ఉండాలన్నాను. లాగడం వేరు, పట్టు వేరు. ఈ తేడా తెలియకుండానే మీరు కొత్తవాళ్ళకి పాఠాలు చెబుతున్నారు.

బొచ్చుదువ్వెన:
లీడ్ దగ్గరే తెల్లారేలా ఉంది.

తోకచుక్క:
నాకు తెలియదా! మా వాణ్ణి కూడా పేరున్న హ్యాండ్లర్‌కే ఇచ్చాను. తీరా రింగ్‌లో ఆయన వేరే కుక్కని పట్టుకున్నాడు, మావాడి లీడ్ ముందురోజు వచ్చిన కుర్రాడి చేతిలో ఉంది. ఇంటికొచ్చాక ఎవరైనా నోటి దగ్గర చెయ్యి పెడితే చాలు, తల తిప్పేసుకునేవాడు. దాన్ని పోగొట్టడానికి నెలలు పట్టింది. బెదిరేది మన చేతిలోనే కాదు పాతకాపు గారూ.

రింగుబయట:
అందరు హ్యాండ్లర్లూ అలా ఉండరు లెండి.

పాతకాపు:
మీ కథ విన్నాం, నాదీ వినండి. నేనిచ్చిన పిల్లని ఒకాయన "నేనే నడిపిస్తా" అని ఏ తర్ఫీదూ లేకుండా రింగ్‌లోకి తెచ్చాడు. జడ్జి చెయ్యి వెయ్యబోతే అది వెనక్కి నక్కింది. ఆ తప్పు తనది అన్నాడా? లేదు. ఆ ఈతే పిరికి ఈత అని ఊరంతా చెప్పాడు. తర్వాతి ఈతలో పిల్లల్ని అడిగినవాళ్ళు లేరు.

తోకచుక్క:
అదీ సంగతి! ఇంతసేపూ పిల్ల బెదురుతుందన్నారు. మీ బెంగంతా కెన్నెల్ పేరు మీద.

పాతకాపు:
అవును, అయితే ఏంటి? రిజిస్టర్‌లో ఆ కుక్క పేరుతో పాటు చచ్చేదాకా ఉండేది నా కెన్నెల్ పేరు. ఇవాళ సరదా పుట్టి, రేపు మానేసేవాళ్ళ కోసం నేను పాతికేళ్ళ పని పణంగా పెట్టాలా?

తోకచుక్క:
తిండి పెట్టేదీ, రాత్రి లేచి చూసేదీ ఆయన. రింగ్‌లో ఆ కాస్త సంతోషం మాత్రం ఆయనకి వద్దా? అంత భయమైతే అమ్మకండి, ఇంట్లోనే ఉంచుకోండి.

కొత్తచేయి:
ఒక్క నిమిషం ఆగండి. మా ఒప్పందం ఇప్పుడే తీసి చూశాను. "షోల విషయంలో నిర్ణయం బ్రీడర్‌ది" అని ఉంది.

పాతకాపు:
ఇంకేముంది? సంతకం పెట్టారుగా.

తోకచుక్క:
లీడ్ ఎవరు పట్టుకోవాలో ఉందా అందులో?

కొత్తచేయి:
హ్యాండ్లర్ అన్న మాటే లేదు. పప్పీ క్లాస్ వరకు నన్ను పట్టుకోనిమ్మని ఆయన్నే అడుగుతాను. రింగ్ పక్కన ఉండి చూడమంటాను.

పాతకాపు:
ఆ రోజు వచ్చి చూసి ఆయన చేసేదేముంది? ఒక నెల ముందునుంచే ఆయన ఎదుట నడిపించి చూపించండి. నేనైతే అది చూడకుండా ఒప్పుకోను.