కొవ్వు కరిగించే మూలికలు నిజంగా పనిచేస్తాయా?

గోదారిగాలి: పరగడుపున గోరువెచ్చటి నీళ్లలో తేనె, నిమ్మరసం. రాత్రి త్రిఫల చూర్ణం. అమ్మమ్మ కాలం నుంచి మా ఇంట్లో ఇదే. డాక్టర్లేమో ఒక్కమాటతో కొట్టిపారేస్తున్నారు. ఇన్ని తరాల అనుభవం ఉత్తదేనా?

చింతచిగురు: ఉత్తదని కాదండీ, ఆయుర్వేదంలో ఉన్నది వేరు, మనం చేస్తున్నది వేరు. తేనె ఒళ్లు తగ్గిస్తుందన్న చరకుడే దాన్ని వేడి చేయొద్దన్నాడు. పైగా పెద్ద చెంచాడు తేనెలో 60 కేలరీల పైనే ఉంటాయి. చరక సంహిత సూత్రస్థానం 21వ అధ్యాయంలో స్థూలకాయానికి త్రిఫల, తిప్పతీగ, తుంగముస్తలు చెప్పిన మాట నిజమే. వాటితోపాటే యవలు (బార్లీ), ఉలవలు, పెసలు, అరికెలు తినమన్నాడు. వ్యాయామం పెంచమన్నాడు, నిద్ర తగ్గించమన్నాడు. కడుపు నిండాలి, ఒంటికి పట్టకూడదు, అదీ లెక్క. మనం తిండీ నడకా వదిలేసి చూర్ణం డబ్బా పట్టుకున్నాం. ఉలవలంటారా, చారు కాచి మీగడ వేసి బిర్యానీలో కలుపుకుంటున్నాం!

పల్నాటిపొగరు: మరి గుగ్గులు అనే చెట్టు బంక సంగతేంటి? దాని గురించి సుశ్రుతుడు చెప్పింది పట్టుకుని 1966లో బెనారస్ హిందూ యూనివర్సిటీలో సత్యవతి గారు కుందేళ్ల మీద పరీక్షిస్తే కొలెస్ట్రాల్ తగ్గింది. అదీ బూటకమేనా?

చింతచిగురు: కుందేళ్ల వరకు ఒప్పుకుంటా. అమెరికాలో 103 మందికి 8 వారాలు గుగ్గులు సారమో ఉత్తుత్తి మాత్రలో ఇచ్చి చూశారు, 2003లో ఫలితాలు అచ్చయ్యాయి. సారం వాడినవాళ్లకు చెడు కొలెస్ట్రాల్ తగ్గకపోగా 4-5 శాతం పెరిగింది. కొందరికి దద్దుర్లొచ్చాయి.

పల్నాటిపొగరు: అది సారం అండీ. మా వైద్యుడు శుద్ధి చేసి ఇచ్చే గుగ్గులుతో దానికి పోలికేంటి? మనిషి తత్వం చూడకుండా అందరికీ ఒకే మోతాదు ఇస్తే అది ఆయుర్వేదం ఎలా అవుతుంది?

మందులకొట్టు: మీ ఇద్దరి గొడవలో అసలు సంగతి పక్కకి పోతోంది. నాకు భయం మూలికలంటే కాదు, మూలికల పేరుతో డబ్బాలో కలిపేదంటే. గుండెకు చేటని మనదేశంలో 2011లో నిషేధించిన సిబుట్రమిన్ అనే ఆకలి తగ్గించే రసాయన మందు, ‘హెర్బల్’ అని రాసున్న సన్నబడే మందుల్లో ఎన్నోసార్లు పట్టుబడింది. సునాముఖి వేసిన టీలు ఇంకోరకం. విరేచనాలై కాటా మీద కిలో తగ్గుతుంది, పోయింది నీళ్లే, కొవ్వు కాదు. స్థూలకాయం నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం, అయినా గోడల నిండా అవే. వైద్యుడు నాడి చూసి ఇస్తే నాకు పేచీ లేదు. కొని వాడేవాళ్లు మాత్రం డబ్బా మీద తయారీ లైసెన్సు నంబరు చూడండి. షుగరుకో బీపీకో మాత్రలు వేసుకుంటుంటే, ఈ చూర్ణాల సంగతి ముందు మీ డాక్టరుకు చెప్పండి.